డ్యూటీ దిగిన పోలీసు కొడితే సిటీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: న్యూయార్క్ సిటీలో డ్యూటీ దిగిన పోలీసు బార్‌లో గొడవపడి ఒకరి చెయ్యి విరగ్గొడితే, పరిహారం సిటీ నుంచి రాబట్టొచ్చా?

జవాబు 1: యూనిఫాం లేదన్న ఒక్క మాటతో తేలదు. బ్యాడ్జి తీసి చూపించాడా, “పోలీస్” అన్నాడా, బేడీలు వేశాడా, డిపార్ట్‌మెంట్ తుపాకీ తీశాడా, కోర్టు చూసేవి ఇవే. ఉత్త సొంత కక్షయితే సెక్షన్ 1983 (ప్రభుత్వ అధికారం వాడి హక్కులు కాలరాసినవారి మీద దావా వెయ్యనిచ్చే ఫెడరల్ చట్టం) కింద కేసు అతని మీద కూడా నిలవదు.

జవాబు 2: సెక్షన్ 1983 కింద సిటీని లాగాలంటే అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన మోనెల్ తీర్పు దాటాలి. ఉద్యోగి తప్పు చాలదు. సిటీ విధానమో, పాతుకుపోయిన అలవాటో, శిక్షణ లోపమో గాయానికి కారణమని చూపాలి. అతని మీద పాత ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్యల రికార్డులు అడగండి.

జవాబు 3: రాష్ట్ర చట్టం దారీ ఉందండి. ఉద్యోగ పరిధిలో చేసిన పనికి అక్కడ యజమానిగా సిటీదే బాధ్యత. కానీ 90 రోజుల్లో నోటీస్ ఆఫ్ క్లెయిమ్ (పరిహారం కోరుతున్నట్టు సిటీకి రాతపూర్వక నోటీసు) ఇచ్చి తీరాలి, దావా ఏడాది 90 రోజుల్లో వెయ్యాలి. నోటీసు ఆలస్యమైతే కోర్టు అనుమతి కావాలి, దొరుకుతుందన్న భరోసా లేదు. 1983కి ఆ నోటీసు అక్కర్లేదు, గడువు 3 ఏళ్లు.