లాటిన్‌లో 'చిట్టి' మాటలు: ఉలుస్, కులుస్, ఎల్లుస్‌లలో ఏది ఎక్కడ?

ప్రశ్న: రేక్స్ (రాజు) నుంచి రేగులుస్ (చిట్టి రాజు) వచ్చింది కదా అని లిబెర్ (పుస్తకం)కి లిబ్రులుస్, నావిస్ (ఓడ)కి నావుల అని రాశాను. రెండూ తప్పట, లిబెల్లుస్, నావికుల అనాలట. ముందే పోల్చుకోవడం ఎలాగండీ?

జవాబు 1: ప్రథమా రూపం వదిలేసి షష్ఠి చూడండి, ప్రాతిపదిక అక్కడ బయటపడుతుంది. విభక్తి రూపాలను బట్టి లాటిన్ నామాలు ఐదు వర్గాలు. వాటిలో 1, 2 వర్గాల నామాలకు మామూలుగా ఉలుస్: హొర్తుస్ (తోట) హొర్తులుస్. ప్రాతిపదిక చివర ఇ గాని ఎ గాని ఉంటే ఒలుస్: గ్లదియుస్ (కత్తి) గ్లదియొలుస్. మన తోటల్లోని గ్లాడియోలస్ ఆ చిరుకత్తే, ఆకు చూస్తే తెలుస్తుంది.

3వ వర్గంలో ప్రాతిపదిక క, గ, త, ద హల్లులతో ముగిస్తే ఎక్కువగా ఉలుసే: రేక్స్ షష్ఠి రేగిస్, కాబట్టి రేగులుస్. మిగతావాటికీ 4, 5 వర్గాలకీ కులుస్. మూస్ (ఎలుక) నుంచి మూస్కులుస్, అంటే చిట్టెలుక. కండకీ అదే పేరు. పర్స్ (భాగం) దగ్గర చాలామంది పొరబడతారు. షష్ఠి పర్తిస్ అయినా బహువచన షష్ఠి పర్తియుమ్, అంటే అసలు ప్రాతిపదిక పర్తి. కాబట్టి పర్తికుల. నావిస్‌దీ ఇదే దారి. హొమో (మనిషి) లాంటి నకారాంతాలకు మాత్రం ఉంకులుస్: హొముంకులుస్.

జవాబు 2: లిబెల్లుస్ సంగతి చెబుతాను. ప్రాతిపదిక లిబ్ర్. దానికి ల చేరితే లిబెర్-ల్ అయి, ర కాస్తా ల లో కలిసిపోతుంది. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే. అగెర్ (పొలం) అగెల్లుస్, కెరెబ్రుమ్ (మెదడు) కెరెబెల్లుమ్, అదే చిన్నమెదడు. నకారానికీ ఇదే గతి: అసినుస్ (గాడిద) అసెల్లుస్, కొరోన (కిరీటం) కొరొల్ల.

లింగం మాత్రం మూలపదానిదే. నపుంసకమైతే ఉలుమ్, స్త్రీలింగమైతే ఉల. రాన (కప్ప) స్త్రీలింగమైనా రానుంకులుస్ పుంలింగం. ఇలాంటివి అరుదు, కంఠతా పట్టాల్సిందే.

ప్రశ్న: మరి స్పెకులుమ్, వెహికులుమ్? ఇవీ చిట్టి మాటలేనా?

జవాబు 1: కావు. కులుమ్ గాని ఉలుమ్ గాని తీసేసి చూడండి. మిగిలింది క్రియాధాతువైతే అది పరికరాన్ని చెప్పే వేరే ప్రత్యయం. స్పెక్ చూడటం, కాబట్టి స్పెకులుమ్ అద్దం. వెహ్ మోయడం, కాబట్టి వెహికులుమ్ బండి. కొర్పుస్కులుమ్‌లో మిగిలేది కొర్పుస్ (శరీరం) అనే నామం, కనుక అది చిట్టి మాటే.