చిప్ లేఅవుట్ రిజిస్ట్రేషన్ దండగ ఖర్చా?

అనలాగ్ లేఅవుట్, హైదరాబాద్:
మాది ఆరుగురం ఉన్న చిన్న కంపెనీ. ఏడాదిన్నర కష్టపడి ఒక పవర్ మేనేజ్‌మెంట్ చిప్ చేశాం. దాని లేఅవుట్‌ను, అంటే చిప్‌లో ట్రాన్సిస్టర్లు, తీగలు ఎక్కడెక్కడ ఉండాలో గీసిన నమూనాను, 2000 నాటి సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్ చట్టం కింద రిజిస్టర్ చేయిద్దామని నేనంటున్నాను. డబ్బు దండగ, ఫైళ్లు మన సర్వర్లో భద్రంగా ఉంటే చాలని మా భాగస్వామి అంటున్నారు. మీరేమంటారు?

ఫిజికల్ డిజైన్, బెంగళూరు:
ఆయన చెప్పిందే నిజమండీ. ఆ చట్టంలోని 18వ సెక్షన్ చదవండి. పరిశోధన కోసం, విశ్లేషణ కోసం మీ చిప్‌ను ఎవరైనా విప్పి చూడొచ్చు. అలా నేర్చుకున్నదానితో సొంతంగా కొత్త లేఅవుట్ గీసుకున్నా తప్పు కాదు. ఇక మీకు మిగిలేదేముంది? మా డిజిటల్ బ్లాకులైతే నోడ్ (చిప్ తయారీ టెక్నాలజీ తరం) మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ టూల్ లేఅవుట్‌ను మళ్లీ మొదటినుంచీ పరుస్తుంది. రిజిస్ట్రేషన్‌తో వచ్చే పదేళ్ల రక్షణ ఏం చేసుకోను?

చిప్ చట్టాలు చదివే మాజీ లేఅవుట్ ఇంజనీర్:
విప్పి చూడొచ్చు, నిజమే. అచ్చు దించకూడదు. తేడా అంతా అక్కడే ఉంది.

అమెరికా 1984లోనే ఇలాంటి చట్టం తెచ్చింది, అందులోనూ ఈ మినహాయింపు ఉంది. బ్రూక్‌ట్రీ అనే చిప్ కంపెనీ మరో చిప్ కంపెనీ ఏఎండీ మీద కాపీ కేసు వేస్తే, ఏఎండీ దాన్నే అడ్డం పెట్టుకుంది. మేమూ సొంతంగా శ్రమపడ్డాం, ఇవిగో కాగితాలు అంది. కానీ చిప్‌లో వేలసార్లు వచ్చే మెమరీ సెల్ బ్రూక్‌ట్రీ సెల్‌లాగే ఉందని జ్యూరీ తేల్చింది. 1992లో అప్పీలు కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. చిప్ మొత్తం కాపీ కొట్టక్కర్లేదు, ముఖ్యమైన భాగం కొట్టినా దొరికిపోతారు.

సర్వర్లో ఫైల్ భద్రం అంటున్నారు. చిప్ మార్కెట్లోకి వెళ్లాక ఆ మాటకు బలం లేదండీ. ప్యాకేజీ కరిగించి, ఒక్కో పొర గీకి ఫోటోలు తీస్తే లేఅవుట్ బయటపడుతుంది. పేటెంట్ తీసుకుందామన్నా మన పేటెంట్ చట్టం 3(ఓ) సెక్షన్ లేఅవుట్‌ను పక్కన పెట్టేసింది. ఇక లేఅవుట్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని లేఅవుట్ మీద ఉల్లంఘన దావా వేసే వీలే లేదు. కాపీ కొట్టాడని కళ్లారా చూసినా కోర్టు గుమ్మం ఎక్కలేరు. నాకు బాధ కలిగించేది ఇదే. మ్యాచింగ్ (జంట భాగాలు ఒకేలా పనిచేయడం) కోసం, నాయిస్ (అనవసర విద్యుత్ అలజడి) తగ్గించడం కోసం రాత్రులు కూర్చుని చేత్తో గీసిన పనిని మనమే ఇలా అనాథగా వదిలేస్తున్నాం.

ఫిజికల్ డిజైన్, బెంగళూరు:
చేత్తో గీసే అనలాగ్‌కు ఒప్పుకుంటాను. డిజిటల్ విషయంలో నా మాట మారదు. పైగా ఎవరైనా స్వతంత్రంగా అలాంటిదే గీసుకుంటే ఈ చట్టం ఆపదు. నకలు అని నిరూపించే బరువు ఒక చిన్న కంపెనీ మోయగలదా?

మాజీ లేఅవుట్ ఇంజనీర్:
కష్టమే. అందుకే మీ డ్రాఫ్టులు, రివ్యూ నోట్స్ తేదీలతో దాచుకోండి. హైదరాబాద్ గారూ, ఒక్కటి చెప్పండి. తొలి అమ్మకం ఎప్పుడు జరిగింది? అమ్మకం మొదలై రెండేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఇవ్వరు.

అనలాగ్ లేఅవుట్, హైదరాబాద్:
14 నెలలైంది! ఈ గడువు సంగతి మాకెవరికీ తెలియదు.

మాజీ లేఅవుట్ ఇంజనీర్:
అయితే పది నెలలే ఉన్నాయి. ఇంకో సంగతి. పదేళ్లు లెక్కపెట్టేది దరఖాస్తు తేదీ, తొలి అమ్మకం తేదీలలో ఏది ముందైతే దాన్నుంచి. అంటే మీ పదేళ్లలో 14 నెలలు ఇప్పటికే కరిగిపోయాయి. తొలి ఇన్‌వాయిస్ వెతికి, ఈ వారమే భాగస్వామితో కూర్చోండి.

అనలాగ్ లేఅవుట్, హైదరాబాద్:
ఇన్‌వాయిస్ దొరికింది. సోమవారం ఆయనకు ఈ చర్చ మొత్తం చూపిస్తాను.