బిందా స్టేజీల లెక్కలో రెండు తగ్గుతున్నాయి, ఎవరికైనా తెలుసా?

ఇటలీ సైక్లిస్ట్ ఆల్ఫ్రెడో బిందా జిరో డి'ఇటాలియాలో (ఏటా ఇటలీలో రోజుల తరబడి సాగే సైకిల్ రేసు) మొత్తం 41 స్టేజీలు (రేసులోని విడి అంచెలు) గెలిచాడు, 2003లో చిపొల్లిని అనే సైక్లిస్ట్ దాటేదాకా అదే రికార్డు. ఏడాదివారీగా పట్టిక వేస్తుంటే నాకు 39 దగ్గరే ఆగిపోతోంది. 1925లో 1, 1926లో 6, 1927లో 12 (ఉన్నవే 15, మిగతావాళ్లు ఎందుకు వచ్చినట్టో!), 1928లో 6, 1929లో వరసగా 8, 1933లో 6. మూడుసార్లు కూడి చూశాను, అంతే. 1930 అయితే కాదు, ఆ ఏడాది పోటీకి రావద్దని నిర్వాహకులే 22,500 లీరాలిచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. తుది ర్యాంకుల జాబితాలు కూడా తిరగేశాను, 1932లో ఏడో స్థానంలో ఉన్నాడు, 1931లో పేరే లేదు. కానీ స్టేజీ గెలిచి మధ్యలో మానేసినా ఆ జాబితాలో కనబడడు కదా, అక్కడే డౌటు. ఇంతకీ ఆ మిగిలిన రెండు స్టేజీలు ఏ ఏడాదివి?