లీనమా, డిందడమా? గీతలు కలిసే చుక్కకు పేరు

పెన్సిల్‌ముక్క: భవనాల కాన్సెప్ట్ బొమ్మలు పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం తెలిసేలా, గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలో కొత్తవాళ్ళ కోసం ఒక పేజీ రాస్తున్నాను. 'వానిషింగ్ పాయింట్' దగ్గర, అంటే దూరంగా పోయే గీతలు కలిసినట్టు కనబడే చుక్క దగ్గర, కలం ఆగింది. 'అదృశ్య బిందువు' అంటే బిందువే కనబడదన్నట్టుంది. పోతన 'ఎవ్వనిచే జనించు' పద్యంలో '...లోపల డిందు లీనమై' అని నాలుక మీద ఆడుతోంది. ఆ మాట పట్టుకుని 'లీనబిందువు' అనొచ్చా?

ఉత్పలమాల: 'ఎవ్వని లోపల నుండు లీనమై' అండీ. 'డిందు' రెండో పాదంలోది. మీరు మార్చినా గణం చెడలేదు, అందుకే నాలుకకు తెలియలేదు. అర్థం మాత్రం తలకిందులైంది. జనించు, లీనమై ఉండు, డిందు: సృష్టి, స్థితి, లయ, వరుసగా మూడూ. అంటే లీనం స్థితి. మాయమయ్యేది డిందడంలో. లీనబిందువు పనికిరాదు.

ధాతుపాఠి: 'లీఙ్ శ్లేషణే'. అంటుకోవడం, కలవడం. రైలు పట్టాల గీతలు బొమ్మలో మాయం కావు, ఒకచోట కలుస్తాయి. కాబట్టి లీనమే సరి. స్థితి, లయ అని పద్యాన్ని గళ్ళు గీసి చదివితే పోతన దొరకడు.

ఉత్పలమాల: గళ్ళు నేను గీయలేదు, ఆయనే గీసిపెట్టాడు.

గళ్ళకాగితం: పేరు సంగతి తర్వాత, ముందు ఆ చుక్క ఎక్కడుంటుందో పేజీలో రాయండి. మూలనుంచి చూసిన భవనానికి రెండు చుక్కలు కావాలి. రెండూ కాన్వాస్ లోపలే ఇరికిస్తే గోడల మూల కత్తి అంచులా పొడుచుకొస్తుంది. చాలాసార్లు ఒకటైనా కాగితం బయటికి పోవాల్సిందే. నేనైతే సాఫ్ట్‌వేర్‌ను ముందు ఇక్కడే పరీక్షిస్తాను. క్రిత అనే సాఫ్ట్‌వేర్‌లో అసిస్టెంట్‌ను, అంటే దారిచూపే గీతలను, పేజీ బయటికి లాగి పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ బ్రష్ ఆప్షన్లలో స్నాప్ (మన గీతను వాటికి అతుక్కునేలా చేసేది) ఆన్ చేయకపోతే ఆ గీతలు చూసుకోవడానికే. ప్రొక్రియేట్ డ్రాయింగ్ గైడ్‌లో మూడు చుక్కల దాకా పెట్టుకోవచ్చు, ఐప్యాడ్ ఉండాలి. క్లిప్ స్టూడియోలో పర్‌స్పెక్టివ్ రూలర్ ఉంది. ఫోటోషాప్‌లో 'వానిషింగ్ పాయింట్' అనే ఫిల్టర్ పేరు చూసి మోసపోకండి, అది బొమ్మ ముక్కలను వాలుతలం మీద కూర్చడానికి. చేతి గీతను చుక్కవైపు నడిపించే రూలర్ కాదు.

ధాతుపాఠి: కాగితం బయటి చుక్కా! పోతనే అన్నాడు, 'పెంజీఁకటి కవ్వల' అని, పెనుచీకటికి అవతల. అవ్వలి చుక్క అని పెట్టేద్దామా?

ఉత్పలమాల: అక్కడ అవ్వల వెలిగేవాడు ఉన్నాడు. మీ చుక్క వెలగదు.

గళ్ళకాగితం: స్కెచప్ మర్చిపోయాను, అది 3డీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్. మాస్ మోడల్, అంటే వివరాలు లేని దిమ్మెల భవనం, కట్టి, కెమెరా మెనూలో టూ-పాయింట్ పర్‌స్పెక్టివ్ పెట్టి, ఆ చిత్రం తీసుకుని పైన గీస్తే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. ఆర్బిట్ చేశారా, అంటే మోడల్ చుట్టూ చూపు తిప్పారా, మళ్ళీ వాలిపోతాయి. గీయడం కన్నా డిజైన్ మార్చడమే ఎక్కువగా ఉండే పనైతే ఇదే మేలు.

రవిబింబం: పోతన దగ్గర పర్‌స్పెక్టివ్ వెతుకుతూ వామనుణ్ణి వదిలేశారేంటి? సూర్యుడు కదలడు, వటువు పెరుగుతాడు. అదే సూర్యుడు గొడుగు, శిరోరత్నం, చెవికి నగ, మెడలో ఆభరణం, అలా దిగుతూ కాలి అందె, చివరికి పాదపీఠం. ఇంతకన్నా దృష్టి పాఠం ఏ సాఫ్ట్‌వేర్ చెబుతుంది?

గళ్ళకాగితం: అది స్కేల్ కదండీ, పర్‌స్పెక్టివ్ ఎలా అవుతుంది? అయితే ఒక ఉపయోగం ఉంది. చదునైన నేల మీద, మన కంటి ఎత్తే ఉన్న మనుషులను ఎంత దూరాన గీసినా వాళ్ళ కళ్ళు క్షితిజరేఖ మీదే పడతాయి. భవనం ఎంత ఎత్తో చూసేవాడికి అప్పుడు తెలుస్తుంది. వామనుడికి ఆ పక్కన నిలబెట్టే మనిషి సూర్యుడే.

రవిబింబం: నేనన్నదీ అదే.

గళ్ళకాగితం: మీరన్నది దృష్టి పాఠం అని.

పెన్సిల్‌ముక్క: అందరికీ నమస్కారం. నా చుక్క పేరు?

ఉత్పలమాల: 'లయబిందువు' అంటారేమో, మూడో పాదం చూడండి. 'అనాదిమధ్యలయుఁడు'. ఆ 'అ' లయను కూడా కొట్టేస్తుంది.

ధాతుపాఠి: కొట్టేయదు. 'అ' ఆదికే. అనాది, మధ్య, లయ తానే అయినవాడు.

ఉత్పలమాల: ఆది లేదు, మధ్య లేదు, లయ లేదు. 'అ' మూడింటికీ చెల్లుతుంది. చివరికి 'సర్వము దానయైన వాఁడు' అన్నాక ముందే మధ్య, లయ తానే అని చెప్పడం దేనికి?

ధాతుపాఠి: ఒకసారి చెప్పి ఊరుకునే కవి కాదు కదా పోతన.

రవిబింబం: లీనం వద్దు, లయం వద్దు, 'డిందుచుక్క' అనండి. రెండూ అచ్చతెలుగు.

గళ్ళకాగితం: గట్టిగా పలికి చూడండి. నూటికి తొంభైమంది దిండు అని వింటారు.

ఉత్పలమాల: వినేవాళ్ళు ఎలాగైనా వినుకోనీ, 'అ' మూడింటికీ.