పాత ఫాంట్లలోని తెలుగు పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి తీరాలా?

లిపిమిత్ర:
పుస్తకాల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ రోజుల్లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో మన పుస్తకాలెన్నో అచ్చయ్యాయి. ఆ ఫాంట్లు తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలుగా విడదీసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో అమర్చుకున్నాయి కనుక, ఫాంటు లేని కంప్యూటరులో పుస్తకమంతా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. అన్ని లిపుల అక్షరాలకూ వేటి స్థానం వాటికి కేటాయించే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే 128 స్థానాలు విడిగా ఉన్నాయి. ప్రచురణకర్తలు పాత ఫైళ్లన్నిటినీ అందులోకి మార్చి తీరాలని నా వాదన.

పాతకంపోజర్:
నేను 28 ఏళ్లుగా పుస్తకాలు కూరుస్తున్నాను. యూనికోడ్ ఫాంట్లలో ఒత్తు కింద ఒత్తు పడినప్పుడు అది కింది వరుసలోని గుడికి తగులుతుంది, తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచితే పేజీలు పెరుగుతాయి. నేను కూర్చిన 160 పేజీల నవల అలా 184 పేజీలయింది. ఆ కాగితం ఖర్చు ఎవరు భరిస్తారు?

గోదావరిగట్టు:
ఇప్పటి కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకుంటే ఒత్తులు సరిగానే కుదురుతాయి.

పాతకంపోజర్:
ఒత్తులు కుదరవని నేను అనలేదు. వరుసల ఎడం గురించి అడిగాను, దానికి జవాబు చెప్పండి.

లిపిమిత్ర:
మా నాన్నగారి కథల సంపుటి 1999లో అచ్చయింది. ఆయన పోయాక ప్రెస్సువారు ఇచ్చిన సీడీలో ఫైళ్లున్నాయి గానీ ఫాంటు లేదు. మా అమ్మకు ఇప్పుడు చూపు లేదు, ఆమె ఫోనులోని స్క్రీన్ రీడర్ యూనికోడ్ తెలుగునే చదవగలదు. భర్త రాసిన కథలను ఆమెకు వినిపించడానికి 212 పేజీలు నేను మళ్లీ టైపు చేశాను. మీరు ఎడం గురించి మాట్లాడుతున్నారు.

పల్లెపడుచు:
అచ్చు పుస్తకం ఉంది కదా, స్కాన్ చేసిన పేజీల నుంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేయించి ఉండవలసింది.

లిపిమిత్ర:
చేయించాను. థకారాలు ధకారాలయ్యాయి, సగం ఒత్తులు ఎగిరిపోయాయి.

నల్లమల:
2018లో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసింది. అది యూనికోడ్ తెలుగే కదా.

లిపిమిత్ర:
అది అక్షరాన్ని తెరపై చూపే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం. 11.2.6 నవీకరణతో కొద్ది రోజుల్లోనే సరిచేశారు. దయచేసి విషయం దాటకండి.

పాతకంపోజర్:
సీడీలో ఫాంటు పెట్టలేదని ప్రెస్సువాళ్లను దోషులను చేస్తున్నారు. డబ్బు పెట్టి కొన్న ఫాంటును పదిమందికి పంచే హక్కు మాకు లేదు. ఇంకో మాట కూడా వినండి. ఇప్పటి రచయితలు ఫోనులో తామే టైపు చేసి పంపి, కూర్పు కూలి తగ్గించమంటున్నారు. పాత ఫైలును కన్వర్టరులో వేస్తే అక్షరాలు మారతాయి గానీ తప్పులు కూడా పుట్టుకొస్తాయి. మార్చి తీరాలని శాసించే మీలో ఒక్కరైనా, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి దిద్దే మనిషికి కూలి ఎవరిస్తారో చెప్పారా?

లిపిమిత్ర:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. దిద్దినందుకు కూలి ఇవ్వవలసిందే, నేనే ఇస్తాను. అయితే మా నాన్నగారి కథలున్న ఫైలు ప్రెస్సు సొత్తంటే మాత్రం ఒప్పుకోను.

పాతకంపోజర్:
కథలు ఆయనవి, కూర్పు మాది. కథల పాఠాన్ని యూనికోడ్‌లో దిద్ది ఇవ్వడం న్యాయమే. పేజీలు కూర్చిన ఫైలును మాత్రం నేనైతే ఇవ్వను.