ఓడలో ఉన్న తమ్ముడితో మాట్లాడేదెలా?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా):

అందరికీ నమస్కారం. మా తమ్ముడు గత నెల మయామీలో విహార నౌక ఎక్కాడు. వంటశాలలో సహాయకుడిగా ఉద్యోగం, తొమ్మిది నెలల ఒప్పందం. మొదటి వారం రోజూ మాట్లాడాడు. ఆ తర్వాత ఒక్కోసారి రెండు మూడు రోజులు వాట్సాప్‌లో ఒకే టిక్కు ఉండిపోతోంది. అమ్మ రాత్రి పది నుంచి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. పైగా వచ్చే నెల నాన్నగారికి ఆపరేషన్. అప్పుడు అత్యవసరంగా కబురు పంపాలంటే దారి ఏమిటి? వాడి నంబరుకు నేరుగా ఫోను చేయవచ్చా? ఓడ ఎక్కడుందో చూసుకునే వీలుందా?

సమాధానం (పర్లాకిమిడి, ఇరవై రెండేళ్లు ఓడల్లో పనిచేశాను):

అమ్మా, ముందు మీ అమ్మగారిని నిద్రపోమని చెప్పండి. మనకు రాత్రి పది అయ్యేసరికి మయామీ గడియారంలో వేసవి నెలల్లో మధ్యాహ్నం పన్నెండున్నర. వేల మందికి భోజనం వడ్డించే వేళ. వంటశాలలో ఉన్నవాడు ఫోను ముట్టుకోలేడు. అతను పని ముగించుకుని రాత్రి పదికి గదికి చేరితే మనకు మర్నాడు ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. మీ ఎదురుచూపును ఉదయానికి మార్చండి. ఓడ తూర్పుకో పడమరకో సాగేటప్పుడు లోపలి గడియారాన్ని గంట చొప్పున మారుస్తారు. మారిన రోజున ఒక ముక్క రాయమని తమ్ముడికి చెప్పండి.

ఒక టిక్కు అంటే కబురు మీ ఫోను దాటింది, అతని ఫోను ఇంకా ఇంటర్నెట్‌కు తగల్లేదని అర్థం, అంతే. చాలా ఓడల్లో సిబ్బంది ఇంటర్నెట్‌ను డబ్బు పెట్టి కొనుక్కుంటారు. గదులు కింది అంతస్తుల్లో, ఇనుప గోడల మధ్య ఉంటాయి. వైఫై అందక మెట్ల దగ్గర నిలబడి మాట్లాడిన రోజులు నాకూ ఉన్నాయి.

నేరుగా ఫోను చేయకండి. తీరం దాటాక ఫోను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. మీకు మామూలు ఖర్చే కావచ్చు, కానీ ఫోను ఎత్తినందుకు అతనికి రోమింగ్ బిల్లు పడుతుంది. ఓడ కదిలే ముందే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఆపైన వైఫై మాత్రమే తెరవమనండి. అలా ఉంచితే బ్యాంకు పంపే ఓటీపీ సందేశాలు రావు కాబట్టి డబ్బు పంపే పనులు రేవులో దిగిన రోజుకు పెట్టుకోవాలి.

సమాధానం (రాయగడ):

అక్కా, ఓడలో ఏ రకం ఇంటర్నెట్ ఉందో కనుక్కోండి. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మాట వెళ్లి జవాబు తిరిగి రావడానికి అరసెకనుకు పైగా పడుతుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు. ఒకరు ముగించాక రెండు అంకెలు లెక్కపెట్టి మాట్లాడితే సర్దుకుంటుంది. కొత్త పద్ధతి స్టార్‌లింక్. దాని ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ కూడా బాగా నడుస్తుంది. రాయల్ కరీబియన్ సంస్థ తన ఓడల్లో దాన్ని పెడుతున్నట్టు 2022లోనే ప్రకటించింది.

సమాధానం (ఛత్రపురం, మా అమ్మాయి ఓడలో పనిచేస్తోంది):

అమ్మాయీ, ఓడ పేరు కాదు, ఐఎంఓ నంబరు, అంటే ఓడకుండే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, అడిగి రాసుకో. ఏడు అంకెలుంటాయి, ఓడ పేరు మారినా అది మారదు. మెరైన్‌ట్రాఫిక్, వెసెల్‌ఫైండర్ లాంటి సైట్లలో ఆ నంబరు కొడితే పటం మీద కనిపిస్తుంది. ఓడ ఎక్కడుందో తెలిపే ఏఐఎస్ అనే పరికరం పంపే సంకేతాన్ని తీరంలోని స్టేషన్లు అందుకుంటాయి. నడిసముద్రంలోకి వెళ్లాక ఆ స్టేషన్లకు అందదు, ఉచితంగా చూసేవారికి చివరిసారి కనిపించిన చోటే నిలిచిపోతుంది. మా అమ్మాయి ఓడ అట్లాంటిక్ దాటుతుండగా అలా ఆగిపోతే నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. నువ్వు అలా బాధపడకు.

ఇంకో మాట. మేము కాల్ కోసం పట్టుబట్టడం మానేశాం. రోజూ ఒక నిమిషం గొంతు రికార్డు చేసి పంపుతాం. అందులో కుక్కరు కూతలు, వీధిలో కూరగాయల బండి అరుపు కూడా ఉంటాయి. ఆ చప్పుళ్ల కోసమే రెండుసార్లు వింటానంటుంది మా అమ్మాయి.

ప్రశ్న (గుణుపురం):

శాటిలైట్ ఫోను కొని ఇస్తే సరిపోదా?

సమాధానం (పర్లాకిమిడి):

వద్దు బాబూ. మన దేశంలో అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్లు దగ్గర ఉంచుకుంటే కేసు పెడతారు. సెలవుకు వచ్చినప్పుడు విమానాశ్రయంలోనే చిక్కు.

అమ్మా, ఆపరేషన్ సంగతికి వస్తాను. ఉద్యోగం ఇప్పించిన ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్, అంటే ఓడలకు సిబ్బందిని చేర్చే లైసెన్సు, ఉండాలి. వారి అత్యవసర నంబరు, కంపెనీ సిబ్బంది విభాగం ఈమెయిలు రెండూ ఇప్పుడే సంపాదించండి. పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, ఉద్యోగి నంబరు, ఓడ పేరు, ఐఎంఓ నంబరు, పనిచేసే విభాగం రాసి పంపితే వారు నేరుగా ఓడ అధికారులకు తెలియజేస్తారు. తమ్ముడి ఫోను ఆపి ఉన్నా కబురు అందుతుంది. ఎవరూ పలకకపోతే సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సేవ ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, కుటుంబాలకు కూడా. ఓడ సిబ్బంది హక్కుల కోసం దేశాలు చేసుకున్న సముద్ర కార్మిక ఒప్పందానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. ఓడలో ఇంటర్నెట్ సౌకర్యం గురించి అందులో ఉంది కాబట్టి తమ్ముడు నిస్సంకోచంగా అడగవచ్చు.

“అర్జంటు, వెంటనే ఫోన్ చెయ్యి” అని మాత్రం ఎప్పుడూ రాయకండి. అలాంటి నాలుగు మాటలు చదివి, మాట్లాడే దారి లేక రెండు రోజులు డెక్కు మీద తిరిగిన కుర్రవాణ్ని చూశాను. మొదటి వాక్యంలోనే “నాన్న క్షేమం” అని రాసి, తర్వాత విషయం చెప్పండి. క్షేమం కాకపోతే ఉన్నది ఉన్నట్టు రాయండి, దాచవద్దు. మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో స్టీమరు ఎక్కి రంగం (రంగూన్) వెళ్లిన రోజుల్లో ఇంటి కబురు వారాల తర్వాత చేరేదట. ఇప్పుడు ఆలస్యం ఓడది కాదు, మనం దాచిపెట్టడం వల్లే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు (బరంపురం):

బాబాయిగారికి, పిన్నిగారికి, రాయగడ తమ్ముడికి నమస్కారాలు. ఈ ఉదయం ఏడు ముప్పావుకు వాడు కాల్ చేశాడు. ఓడలో స్టార్‌లింక్ ఉందట, కానీ వాడు తీసుకున్న చిన్న ప్యాకులో వీడియో రాదట. ఆపరేషన్ తేదీ చెప్పాం. ఐఎంఓ నంబరు, ఉద్యోగి నంబరు, ఏజెన్సీ నంబరు ఒక కాగితం మీద రాసి దేవుడి పటం పక్కన గోడకు అంటించాం. అమ్మ మొదటి రికార్డింగ్ పంపింది. నిమిషం అన్నారు, ఆరు నిమిషాలు మాట్లాడింది.