స్పెయిన్‌కు చిక్కిన ‘రివెంజ్’ మళ్ళీ ఎందుకు నడవలేదు?

బరంపురం_తెలుగు
1577లో డెట్‌ఫోర్డ్‌లో కట్టిన ఇంగ్లండు యుద్ధనౌక రివెంజ్ 1591లో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర స్పెయిన్‌వాళ్ళకు దొరికింది కదా. అంత చురుకైన ఓడ ఎలా చిక్కింది? పట్టుకున్నాక వాళ్ళు వాడుకున్నారా? యుద్ధం తేదీ ఒకచోట ఆగస్టు, ఇంకోచోట సెప్టెంబరు అని ఉంది. ఏది రాయాలి?

రుషికుల్య_ఒడ్డు
ముందు ఎలా చిక్కిందో చూద్దాం. ముందూ వెనకా కోటల్లా లేచే అంతస్తులను తగ్గించి కట్టిన ఓడ అది. దానితో పోరాడాలంటే గాలి వచ్చే వైపు నిలిచి, దూరం నుంచే ఫిరంగులు కాల్చాలి. 1588లో ఇంగ్లండు మీదికి వచ్చిన స్పెయిన్ నౌకాదళం ఆర్మడాతో ఇంగ్లండు నావికుడు డ్రేక్ పోరాడింది ఈ ఓడ మీది నుంచే.

1591లో అజోర్స్‌లోని ఫ్లోరెస్ దీవి దగ్గర 50కి పైగా స్పెయిన్ ఓడలు వచ్చిపడ్డాయి. ఇంగ్లండు దళపతి హోవర్డ్ మిగతా ఓడలతో తప్పుకున్నాడు. ఒడ్డున ఉన్న తన మనుషులను ఎక్కించుకునేసరికి రివెంజ్ నాయకుడు గ్రెన్‌విల్‌కు ఆలస్యమైంది. సాన్ ఫెలిపె అనే భారీ ఓడ గాలివైపు నుంచి వచ్చి అడ్డుకుంది. పెద్ద ఓడ చాటున పడితే తెరచాపల్లో గాలి చచ్చిపోతుంది. ఓడ ముందుకు సాగకపోతే చుక్కాని పక్కన నీళ్ళు పారవు. అప్పుడు ఎంత తిప్పినా ఓడ తిరగదు. గోపాల్‌పూర్ రేవులో తెరచాప పడవ నడిపినవాళ్ళెవరికైనా ఇది తెలిసిన సంగతే. అలా నిలిచిపోయిన ఓడకు కొక్కేలు తగిలించి మీదికెక్కడం స్పెయిన్ సైనికులకు బాగా వచ్చిన విద్య.

పర్లాకిమిడి_పాఠకుడు
మనుషుల లెక్క కూడా చూడండి. అదే ఏడాది అచ్చయిన ఇంగ్లండు రచయిత వాల్టర్ రాలీ కథనం ప్రకారం రివెంజ్ మీద పోరాడగలిగినవాళ్ళు 100 మంది, జబ్బుతో అడుగున పడుకున్నవాళ్ళు 90 మంది. 15 గంటల పోరు. చివరికి మందుగుండు అయిపోయింది, తెరచాపలు కట్టే స్తంభాల్లాంటి కొయ్యలన్నీ కూలిపోయాయి, అడుగున 6 అడుగుల నీళ్ళు, నీటిమట్టం కింద 3 గుండ్ల దెబ్బలు. ఓడను ముంచేయమని గ్రెన్‌విల్ ఆజ్ఞాపించాడు. మిగిలినవాళ్ళు ఒప్పుకోక, ప్రాణాలు దక్కే షరతు మీద లొంగిపోయారు. కొద్ది రోజులకే ఆయన స్పెయిన్ ఓడ మీద చనిపోయాడు.

ఇక వాడుకోవడమా! కొన్నాళ్ళకే పెద్ద తుఫాను వచ్చింది, అజోర్స్‌లోనే టెర్సీరా దీవి దగ్గర రివెంజ్ మునిగిపోయింది. కొయ్యలు లేని ఓడ మరీ విసురుగా ఊగుతుంది. పైన ఆ కొయ్యల బరువుంటే ఊపు నెమ్మదిస్తుంది. ఊగినకొద్దీ పలకల సందుల్లో కూరిన నార వదులై నీళ్ళు చొరబడతాయి. తెరచాప లేక ఒడ్డు నుంచి తప్పించుకునే దారీ ఉండదు. ఇంగ్లండుకు 14 ఏళ్ళు పనిచేసిన ఓడ స్పెయిన్ చేతిలో నెల కూడా నిలవలేదు.

రుషికుల్య_ఒడ్డు
తేదీ సంగతి: స్పెయిన్ 1582లోనే కొత్త (గ్రెగోరియన్) క్యాలెండరుకు మారింది, ఇంగ్లండు అప్పటికి పాతదే (జూలియన్) పట్టుకుంది. తేడా 10 రోజులు. ఇక్కడ ఒడిశాలో మన పంచాంగానికీ ఒడియావాళ్ళ పంచాంగమైన పాంజికీ కృష్ణపక్షంలో నెల పేరు మారినట్టే. ఇంగ్లండు లెక్కలో అది ఆగస్టు చివర, స్పెయిన్ లెక్కలో సెప్టెంబరు. మీరు ఏది రాసినా పక్కన ఏ క్యాలెండరో తప్పకుండా రాయండి.